నైట్ షిఫ్ట్ చేసే మా ఆయనకు నిద్రమాత్రలు వాడొచ్చా?

ప్రశ్న: మా ఆయనకు 38 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికా క్లయింట్ కావడంతో నాలుగేళ్లుగా సాయంత్రం ఆరింటికి వెళ్లి తెల్లవారుజామున నాలుగింటికి వస్తున్నారు. శని, ఆదివారాల్లోనూ కాల్స్ తప్పవు. పగలు నాలుగు గంటలు కూడా నిద్ర పట్టదు. పిల్లలు కాస్త గట్టిగా మాట్లాడినా అరుస్తున్నారు. ఈమధ్య టెస్టులో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1 వచ్చింది. నిద్రమాత్రలు వాడొచ్చా?
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ముందు మాత్రల సంగతి చెబుతానమ్మా. మందుల షాపులో అడిగి మీ అంతట మీరు వేయకండి. వాటికి అలవాటు పడటం తేలిక, మానడం కష్టం. పైగా షిఫ్ట్ ఎక్కడికీ పోదు.

మీ ఆయన ఒళ్లు హైదరాబాద్ టైములో, పని అమెరికా టైములో నడుస్తున్నాయి. నవంబరులో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటే మీ ఇంట్లో ఆయన వచ్చే వేళ మారిపోతుంది, గమనించే ఉంటారు. ఆ కోపం ఆయన స్వభావం అనుకోకండి, చాలావరకు నిద్ర చాలకపోవడమే. 6.1 అంటే ఇంకా షుగర్ కాదు, షుగర్‌కు ముందు దశ, ప్రీడయాబెటిస్ (5.7 నుంచి 6.4). అదే బిర్యానీ మధ్యాహ్నం తిన్నప్పటికన్నా అర్ధరాత్రి క్యాంటీన్‌లో తింటే రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది.

వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్కగట్టాయి. వారాంతపు కాల్స్ కలిపి ఆయన గంటలు ఎన్నో ఒకసారి కాగితం మీద వేయండి.

రాత్రి భోజనం ఇంటి బాక్సే, ఎనిమిదిలోపు. తర్వాత ఆకలేస్తే మజ్జిగ, గుప్పెడు శనగలు. పదకొండు దాటాక కాఫీ, టీ వద్దు. పడకగదికి నల్ల కర్టెన్ వేయండి. కాలింగ్ బెల్ ఆపేయండి, కుక్కర్ ఆయన లేచాకే పెట్టండి. (నేను హౌస్ సర్జన్‌గా నైట్ డ్యూటీలు చేసినన్నాళ్లూ మా అమ్మ గుమ్మానికి 'తలుపు కొట్టొద్దు' అని చీటీ అంటించేది. పాలబ్బాయి కూడా నవ్వేవాడు, కానీ కొట్టేవాడు కాదు.) పిల్లలు స్కూలు నుంచి వచ్చాక ఆయన బయల్దేరేదాకా దొరికే ఆ కాసేపైనా ఫోన్ పక్కన పెట్టమనండి.

గురక పెడుతున్నారా? నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉంటోందా? అయితే స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష) చేయించాలి. బీపీ, కొలెస్ట్రాల్ ఇప్పుడే చూపించండి, హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు మళ్లీ. షిఫ్ట్ మార్చాలని ఫిజీషియన్‌తో లెటర్ రాయించి హెచ్‌ఆర్‌కు ఇవ్వండి. అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు వారాల పాటు పడుకున్న వేళ, లేచిన వేళ రాసిన కాగితం తీసుకెళ్లండి.