గ్రేషమ్ మేచెన్ ఎవరు? ఆయన్ని చదవాలంటే ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

మేచెన్ అమెరికాకు చెందిన ప్రెస్బిటేరియన్ (ఒక ప్రొటెస్టెంట్ శాఖ) బైబిల్ పండితుడు. 1923లో వచ్చిన 'క్రిస్టియానిటీ అండ్ లిబరలిజం'తో మొదలుపెట్టండి. నేను మాత్రం బైబిల్ కాలేజీలో ఆయన గ్రీకు వ్యాకరణంతో మొదలుపెట్టాను. అదీ 1923దే. 'లూఓ, లూఎయిస్, లూఎయి' అని గ్రీకు క్రియారూపాలు వల్లె వేసే రోజుల్లో, ఈ పుస్తకం రాసినాయన తర్వాత సొంతంగా సెమినరీ (పాస్టర్లకు శిక్షణనిచ్చే కాలేజీ) పెట్టారనీ, ఆయన్ని సొంత సంఘమే సస్పెండ్ చేసిందనీ మాకెవరూ చెప్పలేదు.

మేచెన్ 1881లో బాల్టిమోర్‌లో పుట్టారు. ప్రిన్స్‌టన్‌లో చదివి, 1905లో జర్మనీలోని మార్బర్గ్ వెళ్లారు. ఆయన రాతలకు వేరు అక్కడే ఉందని నా నమ్మకం. విల్హెల్మ్ హెర్మాన్ అనే లిబరల్ (పాత క్రైస్తవ సిద్ధాంతాలను ఆధునిక ఆలోచనలకు తగ్గట్టు మార్చుకునే) ప్రొఫెసర్ పాఠాలు, అంతకన్నా ఆయన భక్తి, మేచెన్‌ని కుదిపేశాయి. ఇంటికి రాసిన ఉత్తరాల్లో హెర్మాన్‌ని మనసారా మెచ్చుకున్నారు. సందేహాలు తీరడానికి ఏళ్లు పట్టింది. పాస్టరుగా అభిషేకం పొందింది 1914లో. అందుకే లిబరల్స్ గురించి ఎంత గట్టిగా రాసినా వాళ్లను చులకన చేయరు.

'క్రిస్టియానిటీ అండ్ లిబరలిజం'లో నన్ను పట్టేసిన మాట ఇది: క్రీస్తు చనిపోయాడన్నది చరిత్ర, మన పాపాల కోసం చనిపోయాడన్నది సిద్ధాంతం. రెండూ కలిస్తేనే సువార్త. 'సిద్ధాంతాలెందుకు బ్రదర్, ప్రేమగా బతికితే చాలదా' అని యూత్ మీటింగుల్లో ఎవరైనా అడిగితే, నేను మొదటి కొరింథీయులు 15 తెరిచి ఇదే చెప్తాను.

1929లో తాను బోధిస్తున్న ప్రిన్స్‌టన్ సెమినరీ పాలన లిబరల్స్‌కు చోటిచ్చేలా మారిపోయాక, ఆయన ఫిలడెల్ఫియాలో వెస్ట్‌మినిస్టర్ సెమినరీ స్థాపించారు. 1932లో మిషన్ల మీద వచ్చిన ఒక రిపోర్టు, అందులో మన దేశంలోని మిషన్లూ ఉన్నాయి, ఆయన్ని బాగా కలవరపెట్టింది. 1933లో మిషనరీలను పంపడానికి వేరే మిషన్ బోర్డు పెట్టడంతో సంఘంతో తెగేదాకా వచ్చింది. 1936లో ఆయన నాయకత్వంలో కొత్త సంఘం మొదలైంది. 1937 జనవరి 1న నార్త్ డకోటాలోని బిస్మార్క్‌లో న్యుమోనియాతో చనిపోయారు.

ఒక సంగతి దాచకూడదు. 1913లో ప్రిన్స్‌టన్ హాస్టల్లో నల్లజాతి విద్యార్థికి చోటివ్వడాన్ని ఆయన వ్యతిరేకించారు. తల్లికి రాసిన ఉత్తరంలో అది ఉంది. అంటరానితనం అనుభవించిన కుటుంబాల నుంచి సంఘాల్లోకి వచ్చినవాళ్లం మనలో ఎందరో ఉన్నాం. ఆ ఉత్తరం సంగతి తెలిసినప్పుడు నాకు చాలా బాధేసింది. సువార్తను అంత స్పష్టంగా చెప్పిన మనిషే ఇక్కడ దానికి లోబడలేదు. చదివేవాళ్లకు ఇది కూడా తెలియాలి.

తర్వాత పౌలు మీద 1921లో రాసిన 'ది ఆరిజిన్ ఆఫ్ పాల్స్ రిలిజియన్' చదవండి. కన్య గర్భధారణ మీద 1930లో రాసింది పెద్దది, బరువైనది. కాస్త గ్రీకు వచ్చాక పట్టుకుంటే మంచిది.