జెండా మీది, ట్యాబ్ వాళ్లది

ప్ర: 2009 నుంచి మా బూత్‌లో పార్టీ ఏజెంట్‌గా కూర్చుంటున్నా, ఒక్క రూపాయి తీసుకోలేదు, టీ ఖర్చులు కూడా నావే. మొన్న ఎలక్షన్లకి హైదరాబాద్ నుంచి జీతానికి వచ్చిన కుర్రాళ్లు ట్యాబ్ పట్టుకుని మా వీధిలో ఎవరు ఎటో నాకే చెప్పారండీ. డబ్బులకి పనిచేసేవాళ్లకి పార్టీ మీద ప్రేముంటుందా?
(ఓ కార్యకర్త, తెనాలి దగ్గర)

జ: మీ కడుపుమంట అర్థమైంది గానీ జీతం మీద పడకండి. కమ్యూనిస్టు పార్టీల్లో హోల్‌టైమర్లు, అంటే వేరే ఉద్యోగం లేకుండా పార్టీ పనే చేసేవాళ్లు, ఎప్పట్నుంచో ఉన్నారు, ఇల్లు గడవడానికి పార్టీ ఎంతో కొంత ఇస్తుంది, ఆ డబ్బు కోసం వచ్చి చేరేవాడైతే ఎవడూ ఉండడు, తాపీ పనికెళ్తే అంతకన్నా ఎక్కువే వస్తుంది. పుచ్చలపల్లి సుందరయ్యగారైతే తన ఆస్తే పార్టీకి ఇచ్చేశారు. ఇంకో పక్క, ఫ్రీగా తిరిగే వాళ్లంతా నిజంగా ఫ్రీయేనా? మార్కెట్ యార్డులో పదవి, రోడ్డు కాంట్రాక్టు, ఏదో ఒకటి మనసులో పెట్టుకుని జెండా మోసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు (మీ సంగతి కాదు లెండి).

ఇక ట్యాబ్ కుర్రాళ్లు. పార్టీలకి ఎన్నికల వ్యూహాలు చేసిపెట్టే ఐప్యాక్ సంస్థ వాళ్లు 2019లో వైఎస్సార్సీపీకి పనిచేశారు, 175 అసెంబ్లీ సీట్లకి 151 వచ్చాయి, 2024లోనూ వాళ్లే, 11 వచ్చాయి. గెలుపు వాళ్ల ఖాతాలో రాస్తే ఓటమి కూడా రాయాలిగా. అయినా రిజల్ట్ వచ్చాక వాళ్లు ఇంకో రాష్ట్రానికి బ్యాగు సర్దుకుంటారు, మీరు మాత్రం తెల్లారి అదే వీధిలో పాల ప్యాకెట్ కొనుక్కోవాలి, ఓడినవాళ్ల మొహం, గెలిచినవాళ్ల మొహం రెండూ చూడాలి.

మూడో ఇంటి తాతగారి ఓటు ట్యాబ్‌లో మనదేనని ఆకుపచ్చగా కనిపిస్తుంది, ఆయన పోయి ఏడాదైందని మీకు తెలుసు. ఆ ఇంటి కోడలు కూకట్‌పల్లిలో ఉంటోందని, సెలవు దొరికితే గానీ బస్సెక్కదని కూడా తెలుసు. ఇదంతా మీరే చెప్తే వాళ్లు టైప్ చేసుకుని పైకి పంపారు, రిపోర్ట్‌లో మీ పేరు లేదు, పైనుంచి ఒక్క ఫోనూ రాలేదు. మంట అక్కడ, జీతం దగ్గర కాదు.

ఒక పని చేయండి. మళ్లీ ఏజెంట్‌గా కూర్చోమన్నప్పుడు ఎగేసుకుని వెళ్లిపోకుండా, మీ బూత్ గురించి మీరు చెప్పేది ఎవరు వింటారో ముందే అడగండి. భోజనం, పెట్రోలు కూడా మొహమాటం లేకుండా అడగండి, పోలింగుకి గంటన్నర ముందు మాక్ పోల్ (మిషన్ పరీక్షకి వేసే ఉత్తుత్తి ఓట్లు) దగ్గర మొదలెట్టి సాయంత్రం 17సీ (బూత్‌లో పోలైన ఓట్ల లెక్క ఫారం) కాపీ చేతికొచ్చేదాకా కదలకుండా కూర్చునేవాడికి అన్నం పెట్టడాన్ని ఎవరూ జీతమనరు.

ప్ర: వాలంటీర్ అంటే జీతం లేనివాడు కదా, మరి మా ఊళ్లో వాళ్లకి నెలకి 5000 ఎలా ఇచ్చారు?
(విజయనగరం)

జ: అది పార్టీ డబ్బు కాదండీ, ప్రభుత్వానిది. వైఎస్సార్సీపీ హయాంలో ఈ వాలంటీర్ల వ్యవస్థ 2019 ఆగస్టు 15న మొదలైంది, పల్లెల్లో 50 ఇళ్లకి ఒకరు, 5000 గౌరవ వేతనం. పెన్షన్ గుమ్మంలోకే వచ్చేసరికి జనం పార్టీ కార్యకర్త ఇంటికి రావడం మానేశారు, పాపం సొంత పార్టీ వాళ్లే గొణుక్కున్నారు. 2024 ఎన్నికలప్పుడు ఎన్నికల సంఘం ఈ వాలంటీర్లని పెన్షన్ల పంపిణీకి దూరం పెట్టింది. ఇప్పుడు మా వీధిలో వినాయకచవితికి వాలంటీర్లు కావాలంటే ముందు ఎంతిస్తారని అడుగుతున్నారు.