అద్దె ఆఫీసులో కుడ్యచిత్రం: ముందు విషయం తేల్చండి, తర్వాత గోడ

మీ ఆఫీసు అద్దెది, గోడకు మన ఊరిని చూపే చిత్రం కావాలి, కానీ చిత్రకారుడు పంపిన నమూనా పర్యాటక ప్రకటనలా ఉందని మీరు అడిగారు. తప్పు పూర్తిగా ఆయనది కాకపోవచ్చు. "మన ఊరు కనిపించాలి" అని మాత్రమే చెబితే ఎవరైనా కోట, వంతెన, గడియార స్తంభం పక్కపక్కన పేర్చేస్తారు. ఒక్క విషయం ఎంచుకోండి: తెల్లవారుజాము సంత, ఏటి ఒడ్డు, ఒక చేతివృత్తి. మీరే తీసిన ఫొటోలు ఇవ్వండి. ఇంటర్నెట్‌లో దొరికినవాటి హక్కులు వేరొకరివి.

నమూనాను గోడ కొలతల నిష్పత్తిలో, తలుపులు, స్విచ్చులు, సోఫా ఎత్తుతో సహా గీయించండి. మా ఆఫీసు బొమ్మలో పడవవాడి ముఖం మీదే స్విచ్ బోర్డు వచ్చింది!

అద్దె గోడ కనుక విడి పలకలపై వేయించి బిగించడమే నా సలహా. ఖాళీ చేసేటప్పుడు వెంట తీసుకువెళ్లవచ్చు. గోడ మీదే కావాలంటే, గోడలో తేమ ఉందేమో తెలుసుకోవడానికి చదరపు అడుగు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో అంటించి 24 గంటలు ఉంచండి. షీటుకు గోడవైపు చెమ్మ పడితే ముందు దాని సంగతి చూడాలి. నీటితో కలిపే ఆక్రిలిక్ రంగులకు వాసన తక్కువ. పైన మెరుపులేని వార్నిష్ వేయిస్తే లైట్ల వెలుగు కళ్లలో కొట్టదు.

ఎన్ని మార్పులు ఉచితం, కాపీరైటు ఎవరిది, బొమ్మను మీ ప్రకటనల్లో వాడుకోవచ్చా అన్నవి రాసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.