పొగమంచులో బర్రెల ఫోటోలు: నల్లదానికి మైనస్ అనే లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఫోటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్ (ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్) నల్లదానికి మైనస్, తెల్లదానికి ప్లస్ అని విని అలాగే పెట్టారు, అయినా పొగమంచులో బర్రె నల్లటి ముద్దలా వస్తోంది, ఎందుకని అడిగారు. నేనూ మొదటి చలికాలం అంతా ఇలాగే పాడు చేసుకున్నాను. మా అమ్మమ్మ వాళ్లది ఆదిలాబాద్ పక్కన పల్లె. డిసెంబరు, జనవరిలో తెల్లారుజామున పది డిగ్రీల లోపుకు దిగడం అక్కడ మామూలే. కొట్టంలో రెండు ముర్రా బర్రెలు, ఒక దుడ్డె, ఒక జత తెల్ల ఎద్దులు. ప్రయోగాలన్నీ వాటి మీదే.

కెమెరాకు బర్రె తెలీదు, మంచు తెలీదు. ఫ్రేమ్‌లో ఉన్న వెలుగంతా కలిపి మధ్యరకం బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. బర్రె ముఖం ఫ్రేమంతా నిండితే ఆ నలుపును బూడిద చేయాలని వెలుగు పెంచేస్తుంది. అక్కడ మైనస్ 1 సరిపోతుంది. అదే బర్రె ఇరవై అడుగుల అవతల మంచులో నిలబడితే ఫ్రేమ్‌లో ముప్పాతిక వంతు తెల్లటి మంచే. 'అబ్బో, ఇంత వెలుగా' అనుకుని కెమెరా తగ్గించేస్తుంది. దాని మీద మీరు ఇంకో మైనస్ పెడితే కన్నూ ముక్కూ కనబడవు. అక్కడ ప్లస్ 1 కావాలి. బర్రె అదే, పొద్దు అదే, నాలుగడుగులు అటూ ఇటూ జరిగితే లెక్క తిరగబడుతుంది. కాబట్టి జంతువు రంగు కాదు, ఫ్రేమ్‌లో ఎక్కువ చోటు ఏ రంగుదో చూసి పెట్టండి. తెల్ల ఎద్దులకు మంచులో ప్లస్ 1 దాకా వెళ్తాను, కానీ మూపురం మీద ఎండ పడిందంటే వెంటనే తగ్గిస్తాను. అక్కడ తెలుపు ఒకసారి కాలిపోతే, అంటే వివరమేమీ లేని వట్టి తెల్లమచ్చ అయిపోతే, తర్వాత ఎడిటింగ్‌లో ఏమీ చేయలేం.

నాకు బాగా ఇష్టమైనది బర్రె ఊపిరి. జనవరి మొదట్లో అక్కడ పొద్దు పొడిచేసరికి దాదాపు 6:50 అవుతుంది. ఆ తర్వాత అరగంట, మంచు కాస్త పలచబడ్డాక, ఎండ ఏటవాలుగా వస్తుంది. ఆ ఎండ బర్రె వెనక నుంచి రావాలి, ముక్కుకు అవతల మాత్రం చీకటి ఉండాలి. మా కొట్టం గుమ్మంలోని చీకటే నాకు పరదా. కుడితి తాగి తల పైకెత్తి ఒక్కసారి గట్టిగా ఊదుతుంది చూడండి, ముక్కు నుంచి రెండు పాయలుగా ఆవిరి, మూతి మీద వెంట్రుకలకు వేలాడే చుక్కలు. ఆకాశం ముందు అదే ఊపిరి అసలు కనబడదు. షటర్ వేగం సెకనులో 1/250 వంతు, ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టుకునే చురుకు) 1600 దాకా పోనిస్తాను, కొంచెం గరుకుగా వచ్చినా పర్లేదు. 50 ఎంఎం లెన్స్ ఉంటే ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) బాగా తెరిచి ఎఫ్1.8 దగ్గర తీయకండి. బర్రె మూతి పొడుగు, కన్ను షార్ప్‌గా ఉంటే ముక్కు మసకవుతుంది. ఎఫ్4 పెట్టండి. మంచులో ఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటుంటే కొమ్ము అంచు మీద పెట్టండి, టక్కున పట్టుకుంటుంది.

వైట్ బ్యాలెన్స్ (ఫోటోలో రంగుల ఛాయను సరిచేసే సెట్టింగ్) ఆటోలో వద్దు, డేలైట్ పెట్టేయండి. నీడలో నీలం, ఎండలో పసుపు, రెండూ మిగులుతాయి. కొట్టంలో బల్బు ఉంటే ఆర్పమనండి.

ఫ్లాష్ జోలికి మాత్రం పోవద్దు. మంచు చుక్కలన్నీ తెల్లగా మెరిసి ఫోటో ఎలాగూ పాడవుతుంది. నేను ఒకసారి పాలు పిండుతుండగా వేశాను. బర్రె పలుపు గుంజుకుని బకెట్‌ను తన్నింది. 'చేపిన బర్రెను బెదరగొడితివి కదరా, ఇగ పాలిస్తదా అది?' అని అత్తమ్మ తిట్టిన తిట్టు ఇప్పటికీ గుర్తుంది. నిజంగానే ఆ పూట చేపు, అంటే పొదుగులో పాలు దిగడం, ఆగిపోయింది.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్తాను. తీయడం అయ్యాక చలికి కెమెరాను తిన్నగా పొయ్యి దగ్గరకు తీసుకెళ్లకండి. నేను వెళ్లాను, లెన్స్ మీదంతా చెమ్మ పట్టింది, తువ్వాలుతో తుడిచి గీత పెట్టుకున్నాను. బయట ఉండగానే ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి ముడేయండి. లోపలికి వచ్చాక అరగంట ఆగి విప్పితే చెమ్మ కవర్ మీదే ఉంటుంది.