రెండు ప్రోగ్రాములకు ఒకే బొమ్మ

ప్రశ్న: నృత్య ప్రదర్శనలకు వేదిక వెనుక ఎల్‌ఈడీ తెర మీద వేసే దృశ్యాలను మేము విండోస్ లాప్‌టాప్‌లో తయారుచేస్తాము. ఓపెన్‌జీఎల్‌లో (గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మలు గీయించే పద్ధతి) మేము రాసుకున్న ప్రోగ్రాము బొమ్మ గీస్తే, మరో ప్రోగ్రాము దానిని వీడియోలతో కలిపి తెరకు పంపుతుంది. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ప్రదర్శనకు ముందు సరిచూసుకుంటుండగా బొమ్మ ఆగి ఆగి వచ్చింది. రెండు ప్రోగ్రాములూ ఒకే టెక్స్చర్‌ను (గ్రాఫిక్స్ మెమరీలో ఉండే బొమ్మను) వాడేలా కాంటెక్స్ట్ షేరింగ్ ప్రయత్నించినా కుదరలేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కాంటెక్స్ట్ అంటే ఓపెన్‌జీఎల్ గీయడానికి వాడే పని వాతావరణం. ఓపెన్‌జీఎల్ కాంటెక్స్ట్ షేరింగ్ ఒకే ప్రాసెస్‌లోని, అంటే నడుస్తున్న ఒకే ప్రోగ్రాములోని, కాంటెక్స్ట్‌ల మధ్యే పనిచేస్తుంది. అక్కడ కూడా టెక్స్చర్లు, బఫర్లు (డేటా నిల్వలు) ఉమ్మడిగా ఉంటాయే గాని ఫ్రేమ్‌బఫర్లు (బొమ్మ ఎక్కడ గీయాలో చెప్పే ఏర్పాట్లు) ఉండవు. మీవి రెండు వేర్వేరు ప్రాసెస్‌లు కనుక ఆ దారి మూసుకుపోయినట్లే.

బొమ్మ ఆగడానికి కారణం, మీరు ప్రతి ఫ్రేమునూ గ్రాఫిక్స్ మెమరీ నుంచి ర్యామ్‌లోకి దించి, రెండో ప్రోగ్రాములో మళ్లీ పైకి ఎక్కిస్తూ ఉండడమేనని నా అభిప్రాయం. 1920 × 1080 ఫ్రేము, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, సుమారు 83 లక్షల బైట్లు. సెకనుకు 60 ఫ్రేములంటే దించడానికే దాదాపు 50 కోట్ల బైట్లు, ఎక్కించడానికి మరో అంత. అంతకన్నా పెద్ద నష్టం, గీయడం పూర్తయ్యేదాకా ప్రాసెసర్ పని మానుకుని ఎదురుచూడవలసి రావడం.

బొమ్మను ఉన్నచోటనే ఉంచి, దాని హ్యాండిల్‌ను (దానిని గుర్తించే సంఖ్యను) మాత్రమే అవతలి ప్రోగ్రాముకు అందించండి. విండోస్ సొంత గ్రాఫిక్స్ పద్ధతి అయిన డైరెక్ట్‌త్రీడీలో టెక్స్చర్‌ను పంచుకోదగినదిగా సృష్టిస్తే ఈ హ్యాండిల్ దొరుకుతుంది. ఓపెన్‌జీఎల్ ప్రోగ్రాములకు కూడా ఈ పని చేసిపెట్టే స్పౌట్ అనే ఉచిత సాధనం ఉంది. మీ రెండో ప్రోగ్రాము దానిని స్వీకరించగలదేమో ముందు చూడండి. మ్యాక్‌లో ఇలాంటిదే సైఫన్.

సొంతంగా రాసుకుంటే మాత్రం వంతుల సంగతి మరవకండి. ఒక ప్రోగ్రాము గీస్తుండగా మరొకటి చదివితే సగం పాత ఫ్రేము, సగం కొత్త ఫ్రేము తెరమీదికి వస్తాయి. అందుకు డైరెక్ట్‌త్రీడీలో కీడ్ మ్యూటెక్స్ అనే తాళం ఉంది. తాళం చేతిలో ఉన్నంతసేపూ రెండోవాడు ఆగిపోతాడు కనుక, బొమ్మను మీ సొంత టెక్స్చర్‌లో గీసి, పంచుకున్న టెక్స్చర్‌లోకి నకలు వేసేంతసేపే తాళం పట్టుకోండి.

ఇంకొక సంగతి. చాలా లాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి. ప్రోగ్రాములు చెరొకదాని మీద నడిస్తే ఈ పంపకం సాగదు. కోడ్ ముట్టుకునే ముందు విండోస్ డిస్‌ప్లే సెట్టింగులలోని గ్రాఫిక్స్ విభాగంలో రెండింటినీ ఒకే చిప్‌కు కేటాయించి చూడండి.