పొమ్మనలేక పొగబెడుతుంటే రాజీనామా చేయాలా?

మూడు నెలలుగా మేనేజర్ ప్రతి చిన్నదానికీ మెయిల్ పెడుతున్నాడని, ఇప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు "రాజీనామా ఇచ్చేయండి, రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం" అంటున్నారని రాశారు. ముందు ఒక మాట: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఒకసారి పెట్టాక, బలవంతంగా రాయించుకున్నారని నిరూపించాల్సింది మీరే. నాతోపాటు పనిచేసిన ఒకతను అలాగే పెట్టి, తర్వాత లాయర్ల చుట్టూ తిరిగి ఊరుకున్నాడు.

నాకిది 2018లో జరిగింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ హెడ్ ఆఫీసులో బిల్లింగ్ చూసేవాణ్ణి, ఆరేళ్ల సర్వీసు. కొత్తగా వచ్చిన మేనేజర్‌కు నా సీట్లో తన మనిషిని కూర్చోబెట్టాలని ఉండేది. మొదటి మెమో పన్నెండు నిమిషాలు ఆలస్యమైనందుకు. ఆ రోజు వానకి సెక్షన్ అంతా ఆలస్యమే, మెమో మాత్రం నాకొక్కడికే! కోపమొచ్చి జవాబివ్వలేదు. అదే నా తప్పు. జవాబు లేకపోతే ఒప్పుకున్నట్టే రాసుకుంటారు. రెండో మెమోకి మాత్రం ఆధారంగా చలాన్ నంబర్లతో సహా నాలుగు లైన్లలో జవాబిచ్చాను. తిట్లూ లేవు, బతిమాలడమూ లేదు.

ఒక సాయంత్రం లోపలికి పిలిచి, టైప్ చేసి ఉంచిన రాజీనామా ముందు పెట్టారు. "ఇది ఇస్తేనే గ్రాట్యుటీ, లేకపోతే అదీ రాదు" అన్నారు. పచ్చి అబద్ధం. గ్రాట్యుటీ అంటే చేసిన సర్వీసుకు లెక్కగట్టి చివర్లో ఇచ్చే డబ్బు. ఐదేళ్లు నిండితే రాజీనామా చేసినా, వాళ్లే తీసేసినా అది వస్తుంది. కంపెనీకి నష్టం చేయడం, కొట్లాట, నైతికంగా హీనమైన నేరం లాంటి కొన్ని కారణాలకే ఆపగలరు. నా బేసిక్ 13,000. పదిహేను రోజుల జీతాన్ని నెలకు 26 రోజుల లెక్కన కడితే ఏడాదికి 7,500, ఆరేళ్లకు 45,000. ఆ లెక్క ముందురాత్రే వేసుకుని ఉండటం వల్ల భయపడలేదు. "ఇంటికెళ్లి చదువుకుని చెప్తాను సార్" అని లేచి వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే మెయిల్ పెట్టాను: "నిన్న సాయంత్రం రాజీనామా చేయమన్నారు. నాకు ఆ ఉద్దేశం లేదు." తర్వాత లేబర్ ఆఫీసులో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ రెండు వాక్యాలే.

అలిగి ఆఫీసు మానేయకండి, చెప్పకుండా రావడం మానేశాడని అదో కేసు చేస్తారు. "రేపట్నుంచి రావద్దు" అని నోటితో అంటే గేటు దాకా వెళ్లి, వచ్చానని మెయిల్ పెట్టండి. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, మెమోలు, మీ జవాబులు ఇంట్లో కాపీ ఉంచుకోండి. కస్టమర్ల వివరాలు, కంపెనీ ఫైళ్లు మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, అదే మీ మీద ఛార్జ్ అవుతుంది.

చట్టం సంగతికొస్తే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దుకాణాలకీ, ప్రైవేటు ఆఫీసులకీ 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది. ఆరు నెలల సర్వీసు దాటినవాళ్లను సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయకూడదు. తప్పు చేశారని తీసేస్తే ఆరోపణ రాసిచ్చి విచారణ జరపాలి. లేబర్ డిపార్ట్‌మెంట్‌లో అప్పీలు చేసుకోవచ్చు. 2025 నవంబరు 21 నుంచి కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక చట్టాలు, లేబర్ కోడ్‌లూ వచ్చాయి. వాటి ప్రకారం, తీసేసినా మీరే మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. విజిటింగ్ కార్డు మీద 'ఎగ్జిక్యూటివ్' అని ఉంటే హక్కులు పోతాయనుకోకండి, హోదా పేరు కన్నా మీరు చేసే పనే చూస్తారు.

నా కథ సినిమాలా ముగియలేదు. ఛార్జిషీటు ఇచ్చి, పేరుకి ఎంక్వైరీ చేసి తీసేశారు. లేబర్ ఆఫీసు ఉండే, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరి అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కి దరఖాస్తు పట్టుకుని వెళ్లాను, యూనియన్ ఏమీ లేదు, ఒక్కణ్ణే. మూడు వాయిదాల తర్వాత కంపెనీ దిగొచ్చింది. ఉద్యోగం తిరిగి రాలేదు. నోటీసు జీతం, గ్రాట్యుటీ, మచ్చ లేని సర్వీస్ సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ కొద్ది నెలలూ ఇంట్లో టెన్షనే, అద్దె మా బావమరిది కట్టాడు. చేతిలో రెండు మూడు నెలల ఖర్చులకు డబ్బు చూసుకోండి.

మీరు చేరి ఎన్నాళ్లయిందో రాయలేదు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంటే పైన చెప్పినదాంట్లో చాలా మారుతుంది, ఆ సంగతి చెప్పండి.