“తగ్గదు” అని రాసే ముందు

విశాఖపట్నం

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చదివించే గుణం ఉంది నీ రాతలో. కానీ “రోజూ నడిచినా బీపీ తగ్గదని తేలింది” అన్న వాక్యం దగ్గర నాకు మనసు ఒప్పలేదు. నువ్వు జతచేసిన పట్టికలో పి వాల్యూ (అదేంటో కింద చెప్తాను) 0.05 దాటిందని, అంటే తేడా ఉందని గట్టిగా చెప్పలేమని మాత్రమే ఉంది. “తగ్గదు” అన్నమాట అందులో ఎక్కడా లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను అనుకున్నవే. వందమంది బీపీ పేషెంట్లకు చీటీలు తీసి, 50 మందిని రోజూ పొద్దున్న ఆర్కే బీచ్‌లో నడవమన్నారు, మిగతావాళ్లని మామూలుగా ఉండమన్నారు. (చీటీలు తీయాల్సిందే. ఇష్టపడి నడిచేవాళ్లు ఉప్పు కూడా తగ్గించి ఉండొచ్చు, ఆ సంగతి ఏ టెస్టూ పట్టుకోలేదు.) మూడు నెలలకు బీపీ పై అంకె సగటు నడిచినవాళ్లలో 138, నడవనివాళ్లలో 142. స్టాండర్డ్ డీవియేషన్, అంటే ఒక్కొక్కరి అంకె సగటుకి దాదాపు ఎంత అటూఇటూగా ఉందో, రెండు వైపులా 12.

ఇలా రెండు సగటుల తేడాని పరీక్షించే టీ-టెస్ట్ ముందుగా నడక వల్ల ఏ మార్పూ లేదనే అనుకుంటుంది. అదే నిజమైతే, ఊరికే ఇంత తేడా గానీ ఇంతకన్నా పెద్ద తేడా గానీ కనిపించే అవకాశం ఎంత? అదే పి వాల్యూ. ఇక్కడ స్టాండర్డ్ ఎర్రర్ (సగటుల తేడా ఊరికే ఎంత ఊగొచ్చో) 2.4, టీ (తేడాని దానితో భాగిస్తే వచ్చేది) 1.67, పి దాదాపు 0.10. అవే సగటులతో గుంపుకి 200 మంది ఉంటే టీ 3.33 అవుతుంది, పి 0.001 దగ్గరికి పడిపోతుంది. తేడా అప్పుడూ 4, ఇప్పుడూ 4. మనుషులు పెరిగారంతే.

50 మంది లెక్కకి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు తేడా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చో చెప్పే హద్దులు, కూడా చూడు: 0.8 పెరగడం దగ్గర్నుంచి 8.8 తగ్గడం దాకా. ఎనిమిది పాయింట్లు తగ్గితే ఏ డాక్టరైనా సంతోషిస్తారు. ఆ అవకాశం అలా ఉండగా “తగ్గదు” అని ఎలా రాస్తాం? “ఇంత కొద్దిమందితో తేల్చలేకపోయారు” అని రాయి. తేడా ఎంతో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చో ముందు చెప్పు, పి వాల్యూ తర్వాత.

కొత్తలో నేనూ ఇదే తప్పు రాశాను. మా వీధిలో ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి మడతలు పడిన పేపర్ కటింగ్ తీసి, “నువ్వే రాశావుగా బాబూ, అందుకే నడక మానేశాను” అన్నారు. సవరణ వేయించాను గానీ, అది ఆయన కంటపడలేదు. ఇంటికి వెళ్లి చెప్పి వచ్చాను. ఆ కటింగ్ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

ఈ టీ-టెస్ట్ కనిపెట్టిన విలియం గోసెట్ డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. చేతిలో ఉన్న కొద్దిపాటి శాంపిల్స్‌తోనే నిర్ణయాలు చేయాల్సిన పని ఆయనది. 1908లో “స్టూడెంట్” అనే మారుపేరుతో అచ్చువేశాడు. 0.05 గీత గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1925 నాటి పుస్తకంతో అలవాటైంది. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు లెక్కలు చదివింది మన ఆంధ్రా యూనివర్సిటీలో. ఇక్కడి వాళ్లం ఆ గీతని దేవుడి గీతలా చూడకూడదు.

ఒక్కో గుంపులో ఎంతమంది మధ్యలో మానేశారో నీ పట్టికలో లేదు. అది కనుక్కునేదాకా శీర్షిక పెట్టకు. ఆదివారం మద్దిలపాలెం వైపు వస్తే కాగితాలు తీసుకురా, కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు